గుండిగ మీద రెండో వరుస

ఈ ఉదయం మా మ్యూజియం పెరట్లో కలాయి పొయ్యి వెలిగించాం. బోర్లించిన ఇత్తడి గిన్నె బొగ్గుల మీద బాగా కాగాక, దాన్ని తిప్పి, దూదితో నవసాగరం పొడి అద్ది లోపల రుద్దగానే తెల్లటి పొగ ఒక్కసారిగా లేచింది. ముక్కులో మంట పుట్టించే ఘాటు అది. చూడ్డానికి వచ్చిన బడిపిల్లలు ముక్కులు మూసుకుని వెనక్కి పరుగెత్తారు. వాళ్ళ టీచరమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఒక అడుగు ముందుకు వేశాను. ఆ వాసన తగిలితే జాన్ బీ ఆపా పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నట్టుంటుంది నాకు. ఇంకాసేపటికి "దూరం జరుగు బేటా, మీసాలు కాలుతయ్" అంటుందేమోనని ఎదురుచూస్తాను. అనదని తెలుసు. అయినా ఏటా ఈ పొయ్యి వెలిగించిన రోజున ఎదురుచూడటం మానలేదు.

ఆమెను మీరు చూసి ఉండరు. మా మ్యూజియం ఫోటోలు ఎన్ని తిరగేసినా ఆమె మొహం సరిగ్గా కనబడదు. పెద్దలు రిబ్బను కత్తిరిస్తున్న ఫోటోల్లో ఒక పక్కగా టీ పళ్ళెం పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంటుంది, మట్టిగాజులతో. అదే ఆమె. కాగితాల ప్రకారం గ్యాలరీ అటెండర్. అసలు అధికారి ఖమ్మంలో ఉండి నెలకోసారి వచ్చిపోయేవారు. బూర్గంపాడు నుంచి అడవివైపు పోయే రోడ్డు మీద, పాత ధాన్యం గోదాములో పెట్టిన ఆ మ్యూజియాన్ని సంతకు వచ్చే జనం ఎవరూ మ్యూజియం అనేవారు కాదు. "ఆపా గోదాం" అనేవారు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆమె ఆపాయే, అంటే అక్క.

నాది మధిర. చరిత్రలో ఎంఏ చేసి, మెడలో కొత్త గుర్తింపు కార్డు వేసుకుని, కార్యక్రమాల బాధ్యుడిగా అక్కడ చేరాను. చేరిన రోజే ఆపాకు హాల్లో ఉన్న వీరగల్లు ముందు నిలబడి ఇరవై నిమిషాలు పాఠం చెప్పాను. ఆమె చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నది. నేను చల్లారాక అలమరలోంచి ఒక పాత చెక్క గరిటె తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది ఎవలదో చెప్పు."

"ఎలా చెప్తాం? దీని మీద ఏమీ రాసి లేదు కదా."

"రాసి ఉంది. కొస ఏ దిక్కు అరిగిందో చూడు."

ఎడమవైపు కాకుండా కుడివైపు అంచు అరిగి ఉంది. నాకేమీ అర్థం కాలేదు. ఆమె గరిటె తీసుకుని గాలిలో కుండ కలుపుతున్నట్టు తిప్పి చూపించింది, ముందు కుడిచేత్తో, తర్వాత ఎడమచేత్తో. "పుర్రచెయ్యి ఆమె. ఇంట్ల అందరు నవ్వేటోళ్ళంట. మంచిగ వండుతదని తెలిసినాంక నవ్వుడు బందు పెట్టిన్రు" అని గరిటెను మళ్ళీ అలమరలో పెట్టేసింది. నా ఎంఏ ఆ రోజు అలమర ముందు కాస్త చిన్నబోయిన మాట నిజం.

ఆపా తండ్రి మస్తాన్ సాబ్ కలాయి పనివాడు. తోలుతిత్తి, పట్టకారు, తగరం ముక్కలు మూట గట్టుకుని బూర్గంపాడు నుంచి టేకులపల్లి దిక్కు అడవి పల్లెలదాకా కాలినడకన తిరిగేవాడు. తల్లి లేని పిల్ల కాబట్టి ఆపాను వెంటబెట్టుకునే వెళ్ళేవాడు. ఆమె తిత్తి ఊదుతుంటే ఆయన గిన్నెలకు తెల్లటి తగరం పూసేవాడు. కొత్త గిన్నెల మీద పేర్లు కొట్టడం కూడా ఆయన పనే. ఉలి కొసతో చుక్కలు చుక్కలుగా, ఫలానా పిల్లకు ఫలానా వాళ్ళు ఇచ్చినది అని అంచు మీద కొట్టేవాడు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా రాసి లేకపోయినా గిన్నెల మీద మాత్రం ఉంటాయని ఆపా అంటుండేది. ఆ పని ఆమెకూ వచ్చు. తండ్రి నుంచి ఆమెకు ఇంకొకటి కూడా వచ్చింది. కలాయి మనిషికి ప్రతి ఇంటి వంటగది తెలుస్తుంది. ఏ ఇంట్లో పెద్ద గిన్నె మాయమైందో, ఏ ఇంట్లో కొత్తగా ప్రత్యక్షమైందో అతని కళ్ళకే ముందు కనబడుతుంది. "ఒకింటి గిన్నె సంగతి ఇంకోఇంట్ల తియ్యొద్దు" అని మస్తాన్ సాబ్ కూతురికి గట్టిగా చెప్పి పెట్టాడు.

ఆమె పద్ధతులు నాకు మొదట్లో ఒంటబట్టలేదు. మ్యూజియానికి ఏ వస్తువు వచ్చినా దాని పక్కన ముందు ముక్కాలిపీట వేసేది. తెచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "ఇది మీ దగ్గరికి ఎట్లొచ్చింది?" అని ఒక్క మాట అడిగి ఊరుకునేది. వాళ్ళు చెప్పిందాకా వినేది. చెప్పకపోతే అదీ వినేది. ఆ తర్వాతే వస్తువుకు కార్డు. సంత రోజున అద్దాల పెట్టెల తాళాలు తీసి, "పట్టుకో, చూడు, మీ ఇంట్ల ఉన్నదా గిట్లాంటిది?" అని జనాన్ని పిలిచేది. కూరగాయల గంపలు గుమ్మంలో దించి కోయ ఆడవాళ్ళు లోపలికి వచ్చేవారు. ఒక్కోసారి ఒక పాత జల్లెడ చుట్టూ పదిమంది చేరి వాదించుకునేవారు, ఏ ఊళ్ళో ఎలా అల్లుతారని. నేను లెక్కప్రకారం కార్డులు టైపు కొట్టుకుంటూ, ఈ సంతగోల ఎప్పుడు తీరుతుందా అని చూసేవాణ్ణి.

రెండో ఏడు పెద్ద కార్యక్రమం ఒకటి నా నెత్తిన వేసుకున్నాను. పేర్లున్న పాత గిన్నెలను జనం నుంచి అరువు తెచ్చి ప్రదర్శన పెట్టాలి, వరసగా రెండు సంతరోజులు. ఆలోచన ఆపాది, హడావిడి నాది. ఆమె సంతలో బుట్టబుట్టకూ తిరిగి చెప్పింది. నేను కరపత్రాలు వేయించాను. గిన్నెలు రావడం మొదలయ్యాక నాకు ఊపిరాడలేదు. రసీదులు రాయడం, చీటీలు కట్టడం, ఫ్లెక్సీవాడితో ఫోన్లో తగువు.

ఆ తొక్కిసలాటలోనే ముత్తమ్మ వచ్చింది. గుట్టమీది గూడెం నుంచి, అరవై దాటిన కోయ మనిషి, నెత్తిమీద పెద్ద ఇత్తడి గుండిగతో. ఇరవై ముప్పై మందికి వండే పాత్ర అది. దాని చెవి దగ్గర రాగి అతుకుతో వేసిన మాటు ఉంది. గూడెంలో విత్తనాల పండుగకు అందరికీ వంట అందులోనే జరుగుతుందని చెప్పింది. దాని మీద చుక్కల రాత ఉందని తెలుసు గానీ చదువు రాదు కాబట్టి అదేమిటో ఆమెకు తెలియదు. నేను చదివాను. "చి.ల.సౌ. కోటమ్మకు తండ్రి ఇచ్చినది." చక్కటి గుండ్రటి అక్షరాలు. చదివింది ఆమెకు చెప్పలేదు. కూర్చోమని అనలేదు. ఆపా ఆ పూట దవాఖానాకు పోయింది, మోకాళ్ళ నొప్పికి. రసీదు చింపి ముత్తమ్మ చేతిలో పెట్టి, "వచ్చే సంతకు రా అమ్మా" అన్నాను. ఆమె కాసేపు గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయింది. ఆ నిలబడటం ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది. అంత మంచి గిన్నె ఇంకోటి రాలేదు కనుక దాని ఫోటోనే ఫ్లెక్సీ మీద వేయించి, కోటమ్మ పేరును నిలువెత్తున కనబడేట్టు పెద్దది చేయించి, రోడ్డు మీద కట్టించాను. ఆపా దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముత్తమ్మను కూసోబెట్టినవా?" అని అడిగింది. తీరిక దొరకలేదన్నాను. "ఊఁ" అన్నది, అంతే.

మొదటి సంతరోజు పదింటికల్లా శ్రీనివాసరావు వచ్చాడు. గోదావరి ఒడ్డున వాళ్ళకు పొలాలున్నాయి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. బూర్గంపాడులో ఎరువుల వ్యాపారం. మర్యాదస్తుడు, మా కార్యక్రమాలకు కుర్చీలు పంపేవాడు కూడా. ఫ్లెక్సీ చూసి కారు ఆపాడట. తిన్నగా గుండిగ దగ్గరికి వెళ్ళి వంగి, చెవి దగ్గర మాటును వేలితో తడిమాడు. లేచేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఇది మా నాయనమ్మది. కోటమ్మ ఆవిడ పేరే, చెవి దగ్గర రాగి మాటు కూడా ఆవిడ చెప్పినట్టే ఉంది. వరదలో గోదారి తీసుకుపోయిందని చచ్చేదాకా ఏడ్చింది ఆవిడ. పోయేముందు కూడా దీని పేరే ఎత్తింది. ఇదెవరు తెచ్చారు?"

ముత్తమ్మ అక్కడే ఉంది. "నేనే తెచ్చిన" అన్నది.

"నీకెక్కడిది?"

"ఇచ్చిన్రు."

"ఎవరిచ్చారు?"

ముత్తమ్మ ఆయన మొహంలోకి చూసింది. అప్పుడే ఆ మొహంలో ఎవరి పోలికో గుర్తుపట్టినట్టుంది, చూపు దించుకున్నది. "పేరు చెప్పను. చెప్పనని మాటిచ్చిన."

జనంలో ఎవరో నవ్వారు. వరదలో జనం ఇళ్ళొదిలి పోతే గిన్నెలకు కాళ్ళొస్తాయని ఒకాయన అన్నాడు. శ్రీనివాసరావు ఆ మాటను అడ్డుకోలేదు. దొంగసొత్తు అని పోలీసులకు కాగితం ఇస్తానన్నాడు. ముత్తమ్మ వెంట వచ్చిన గూడెం ఆడవాళ్ళు ఒక్కరొక్కరే వెనక్కి తగ్గి గోడకు చేరారు. ఊరు ఊరంతా అందులో వండుకుని తిన్నవాళ్ళు. ఒక్క మాటతో అంతమందీ దొంగకూడు తిన్నవాళ్ళయ్యారు. ముత్తమ్మ మాత్రం కదల్లేదు. నిలబడే ఉంది. అంతా నేను కట్టించిన ఫ్లెక్సీ వల్లే కదా.

ఆపా వచ్చి గుండిగ మీద చెయ్యి పెట్టింది. "ఇది మ్యూజియంల ఉన్నది. రసీదు ఉన్నది. పై సంతదాక ఇక్కడ్నే ఉంటది. శ్రీనుబాబూ, గప్పటిదాక కాగితం నీ జేబుల పెట్టుకో. పై సంతకు రా. ముత్తమ్మా, నువ్వు కూడ రా." ఆమె గొంతు పెంచలేదు. ఆయనను ఎత్తుకుని తిరిగిన వయసు ఆమెది, అందుకో ఏమో ఆయన సరేనని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నేను ఆపాను వదల్లేదు. ఫ్లెక్సీ చూసిన నాడు ఆమె మౌనం నాకు గుర్తుంది. "మీకు తెలుసు కదా ఆపా? తెలిస్తే చెప్పేయొచ్చు కదా, ఆ ముసలామె పరువు పోతుంటే" అని నిలదీశాను. ఆమె గిన్నెలు తుడుస్తూనే ఉంది. "నాకు తెలిసింది వేరు. చెప్పాల్సిన మనిషి వేరు. తిత్తి మోస్తవా రేపు? నా మోకాళ్ళు సహకరిస్తలేవు" అన్నది.

మర్నాడు తిత్తి, బొగ్గుల సంచీ నేను మోశాను. మెడలో గుర్తింపు కార్డు అలాగే ఉంది. దారిలో తెలిసినవాళ్ళు ఎగాదిగా చూశారు. ఆపా శ్రీనివాసరావు ఇంటి పెరటివైపు నుంచి వెళ్ళి పిలిచింది. ఆయన కొట్టుకు వెళ్ళి ఉన్నాడు. ఆయన తల్లి రత్నమ్మగారు వచ్చారు. సన్నగా, తెల్లటి చీరలో.

"కలాయి పెట్టేటియి ఏమన్న ఉన్నయా, రత్నమ్మగారూ?"

"ఇంకెక్కడి ఇత్తడి, జాన్ బీ. అంతా స్టీలేగా" అన్నారు ఆవిడ. అని ఊరుకోకుండా లోపలికి వెళ్ళి ఒక చిన్న గిన్నె తెచ్చారు. పొయ్యి పెట్టాం. నేను తిత్తి ఊదుతున్నాను. ఇద్దరు ఆడవాళ్ళూ గిన్నెనే చూస్తున్నారు. నవసాగరం పొగ లేచింది. రత్నమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. పొగ పోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నారు.

"ఆ మనిషి ఏమందట?" అని మెల్లగా అడిగారు.

"ఏమనలే. ఇచ్చినామె పేరు చెప్పనన్నది. మాటిచ్చిందంట."

రత్నమ్మగారు గోడవైపు తిరిగారు. నేను నోరు తెరవబోయాను. "గాలి సాలుతలేదు, గట్టిగ ఊదు" అన్నది ఆపా, నావైపు చూడకుండానే. గిన్నె చల్లార్చి, బూడిదతో తోమి, ఆవిడ చేతికిస్తూ ఇంకొక్క మాట అన్నది. "పై సంతకు గుండిగ పక్కకు పీట ఏస్త. ఎవలు కూసుంటరో నాకైతే తెల్వదు." అంతే. మూట కట్టుకుని వచ్చేశాం. దారంతా నాకు ఒళ్ళు మండిపోయింది. సూటిగా అడిగేస్తే తేలిపోయేదానికి ఈ డొంకతిరుగుడు ఎందుకని. పైకి అనే ధైర్యం లేక తిత్తి భుజం మార్చుకున్నాను.

రెండో సంతరోజున గోదాం నిండిపోయింది. గిన్నెలు చూడ్డానికి వచ్చినవాళ్ళు తక్కువ, తగువు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కువ. ముత్తమ్మ వచ్చింది. ఈసారి ఆమె వెంట గూడెం పెద్ద తప్ప ఎవరూ లేరు. శ్రీనివాసరావు చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం కనబడుతోంది. గుండిగ పక్కన ముక్కాలిపీట ఖాళీగా ఉంది. ఆపా దాన్ని కొంగుతో ఒకసారి తుడిచి, వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. పదకొండు దాటింది. "ఇంకెంతసేపు?" అన్నాడు శ్రీనివాసరావు. "సంత ఇంక లేవలే గద" అన్నది ఆపా.

ఆటో ఆగిన చప్పుడైంది. రత్నమ్మగారు ఒక్కరే దిగారు. జనం దారిచ్చారు. ఆవిడ ఎవరివైపూ చూడకుండా వచ్చి పీట మీద కూర్చుని, గుండిగ అంచు పట్టుకున్నారు.

"అమ్మా, నువ్వెందుకొచ్చావు?"

"ఇది గోదారి తీసుకుపోలేదు నాన్నా. నేను ఇచ్చాను."

ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. పెద్ద వరద వచ్చిన ఏడు, శ్రీనివాసరావు పుట్టి పదకొండు రోజులు. మగవాళ్ళు, అత్తగారు గొడ్లను తోలుకుని ముందు వెళ్ళారు. బండి మళ్ళీ వచ్చేలోపు దారి మునిగింది. పచ్చి బాలింత, చంకలో పసిగుడ్డు. ఇంట్లో ఉన్న బియ్యం గుండిగలో పోసుకుని, పాలేరు సాయంతో గుట్ట ఎక్కారు. ముత్తమ్మ వాళ్ళ గుడిసెలో తొమ్మిది రోజులు. భయానికి రత్నమ్మగారికి పాలు రాలేదు. ముత్తమ్మ ఆ గుండిగలోనే జావ కాచి, పూటపూటకూ పట్టించింది. గుట్టెక్కిన వాళ్ళందరికీ వంట కూడా అందులోనే.

"నువ్వు తాగిన పాలు ఆ జావవే, శ్రీనూ. బండి వచ్చిన రోజున నా దగ్గర ఇంకేముంది ఇవ్వడానికి? గుండిగ ఇచ్చేశాను. ఇంటికొచ్చాక మీ నాయనమ్మ గుండిగేదే అని అడిగింది. వాళ్ళ నాన్న ఇచ్చిన గుండిగ అది. నోటమ్మట గోదారి అని వచ్చేసింది. తర్వాత ఒకసారి సంతలో కనబడితే ముత్తమ్మని బతిమాలుకున్నాను, నా పేరు చెప్పొద్దని."

"నాయనమ్మ పోయి పదిహేనేళ్ళయింది కదమ్మా. తర్వాతన్నా చెప్పలేదేం?"

"భయం నాన్నా. ముందు ఆవిడంటే. తర్వాత నువ్వంటే."

నలభయ్యేళ్ళ మనిషి అంతమందిలో అలా నిలబడిపోయాడు. నాయనమ్మ కన్నీళ్ళు ఒకవైపు, తను తాగిన పాలు ఒకవైపు. శ్రీనివాసరావు ముత్తమ్మ దగ్గరికి వెళ్ళి, ఏదో ఒక మాట కలపాలన్నట్టు, "ఏం జావ?" అని అడిగాడు.

"జొన్నజావ. మీ అమ్మ తాగనన్నది. మస్తు తిట్టిన. తిట్టితిట్టి తాగిపిచ్చిన" అన్నది ముత్తమ్మ.

మొదట నవ్వింది రత్నమ్మగారే. తర్వాత గోదామంతా నవ్వింది. శ్రీనివాసరావు నవ్వబోయి ఏడ్చేశాడు. నన్ను క్షమించమ్మా అన్నాడు. ఇద్దరు తల్లుల్లో ఎవరితో అన్నాడో గానీ ఇద్దరూ తల ఊపారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. రత్నమ్మగారు లేవలేదు. "జాన్ బీ, మీ నాన్న ఉలి ఉందా నీ దగ్గర?" అని అడిగారు. ఇచ్చిన వస్తువు మీద ఇచ్చినవాళ్ళ పేరు ఉండాలి కదా, అది కొట్టించలేదు ఇన్నేళ్ళూ, అన్నారు. ఆపా వెంటనే ఉలి తేలేదు. ముందు ముత్తమ్మను అడిగింది, "కొట్టనా?" అని. "మాట తీరిపాయె గద, కొట్టు" అన్నది ముత్తమ్మ. ఆపా నేల మీద కూర్చుని, గుండిగను ఒళ్ళో పెట్టుకుని, చిన్న సుత్తితో చుక్క తర్వాత చుక్క కొట్టింది. అరగంట పట్టింది. ఒక్కరూ కదల్లేదు. కోటమ్మ పేరు కింద రెండో వరుస వచ్చింది. "ముత్తమ్మకు రత్నమ్మ ఇచ్చినది." పైవరుస మస్తాన్ సాబ్ వాళ్ళ నాన్న కొట్టిందట. కింది వరుస మనవరాలు కొట్టింది. రెండింటి అక్షరాల గుండ్రదనం ఒకటే. శ్రీనివాసరావు గుండిగను స్వయంగా ఎత్తి గూడెం పెద్ద నెత్తిన పెట్టాడు.

వాళ్ళు బయల్దేరేముందు ముత్తమ్మ దగ్గరికి వెళ్ళి, తప్పంతా నాదే, ఆ పేరు నీకు చదివి చెప్పాల్సింది అన్నాను. ఆమె కోపం చేసుకోలేదు. "కూసోమంటే చెప్పేదాన్ని సారూ, ఆ రాత ఉన్న దిక్కు గోడకు తిప్పిపెట్టుమని. నువ్వు కూసోమనలే" అన్నది. నన్ను చాలామంది తిట్టారు జీవితంలో. అంత నిమ్మళంగా, అంత లోతుగా తగిలేట్టు ఎవరూ తిట్టలేదు.

సాయంత్రం తాళాలు వేస్తూ ఆపాను అడిగాను, మీకు ఎప్పటి నుంచి తెలుసని. తనకు పన్నెండేళ్ళప్పటి నుంచట. కోటమ్మ ఇంట్లో కలాయి పెట్టిన గుండిగనే వరద మరుసటి ఏడు ముత్తమ్మ గుడిసెలో చూశారు తండ్రీకూతుళ్ళు. ఆమె "అబ్బా, ఇది" అనబోతే తండ్రి కాలితో తన్నాడట, నెమ్మదిగా. ఆ నెలలోనే కోటమ్మ వాళ్ళ ముందు గోదావరిని శాపనార్థాలు పెడుతుంటే ఇద్దరూ తలలు వంచుకుని తిత్తి ఊదారట.

"మరి ఇవ్వాళ రత్నమ్మగారు రాకపోతే?"

ఆపా తాళంచెవి కొంగుకు కట్టుకుంది. "నేను కూసుందును పీట మీద. మా నాయిన మాట తప్పుదును. ముత్తమ్మను దొంగను కానిస్తనా? కానీ నేను చెప్తే ముత్తమ్మ దొంగ కాదని తేలుతుండె, రత్నమ్మ అబద్ధాలకోరని తేలుతుండె. ఆమె చెప్తే రెండోది తేలలే, చూసినవా."

నాకు అంతదాకా ఆమె మౌనం పాతకాలపు పట్టుదలగా కనిపించింది. ఆ మాటతో అర్థమైంది. ఆమె ఊరికే నోరు మూసుకోలేదు. చివరి గడియ ఎక్కడో లెక్క వేసుకుని, తను నమ్మిన దాన్ని వదులుకోవడానికి సిద్ధపడి, అప్పటిదాకా ఇంకొకరికి చోటు ఉంచింది. అంత ధైర్యమూ అంత ఓపికా ఒకే మనిషిలో ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

రిటైరయ్యాక ఆమె ఎక్కువ కాలం లేదు. చివరిసారి ఇంటికి వెళితే ఉలిని గుడ్డలో చుట్టి ఇచ్చింది. "నీకు కొట్టరాదు, నాకు తెలుసు. ఉండనీ" అన్నది. నిజమే, నాకు ఇప్పటికీ రాదు. నా చుక్కలు చీమలబారులా వంకర పోతాయి. తర్వాత ఆమె మేనల్లుడు మస్తాన్ సాబ్ తిత్తిని తెచ్చి మ్యూజియానికి ఇచ్చాడు. దాని పక్కన పీట ఉంది. కార్డు మీద పేరు మాత్రమే రాశాను. ఆ గుండిగ సంగతి మీకెలా చెబుతున్నానంటారా? అడిగే చెబుతున్నాను. రత్నమ్మగారు "నాలుగు గోడల మధ్య నలభయ్యేళ్ళు దాచాను, ఇంక ఎవరికన్నా చెప్పుకోండి" అన్నారు. ముత్తమ్మ "జొన్నజావ అని చెప్పు, మరువకు" అన్నది. ఇద్దరూ ఇప్పుడు లేరు. మాట చెల్లించాను.

ఇవాళ పొయ్యి మీదికి అదే గుండిగ వచ్చింది. వచ్చే వారం విత్తనాల పండుగ, ముత్తమ్మ మనవరాలు ఆటోలో వేసుకుని తెచ్చింది. పిల్లలు దాని అంచు మీద రెండు వరుసలను వేలితో తడుముతూ చదువుతున్నారు. అంతలో పెనుబల్లి వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, సంచీలోంచి ఇత్తడి చెంబు తీసి బల్ల మీద పెట్టారు. "మ్యూజియానికి ఇద్దామని తెచ్చాను. రసీదు రాసివ్వండి, బస్సుకు పోవాలి" అన్నారు. దాని మీద ఒక ఆడమనిషి పేరు ఉంది. పీట లాగి ఆయన పక్కన వేశాను. టీ తెప్పించాను. ఇది మీ దగ్గరికి ఎలా వచ్చిందని అడిగి ఊరుకున్నాను.

ఆయన చాలాసేపు చెంబును చూశారు. ఒక బస్సు పోయింది, ఇంకో బస్సు కూడా పోయింది. తర్వాత చెప్పారు. అంతా చెప్పి, టీ గ్లాసు కింద పెట్టి, "ఇది మాత్రం రాయకండి" అన్నారు.

"రాయనండి" అన్నాను. ఆయన ఏం చెప్పారో మీకూ చెప్పను.